పోరిని బండెక్కించని దీపావళి

నేను కోడలిగా ఫలక్‌నుమాకు వచ్చేనాటికి ఆ ఇంట్లో ఇద్దరు మగవాళ్లు, ఒక కుక్క ఉన్నారు. అత్త పోయి అప్పటికి మూడేళ్లు. మామ రైల్వేలో పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. వచ్చే బండి ఏ పట్టా మీదికి పోవాలో చూసుకుని దానికి తగ్గట్టు ఇనుప లివర్ తిప్పడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్లు ఆ లివర్లు లాగీ లాగీ కుడి భుజం కాస్త దిగిపోయి ఉండేది. నా భర్త ఒక ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరు. తెల్లవారగానే సైకిలెక్కి పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రావడం. పగలంతా ఇంట్లో నేను, మామ, ఆ కుక్క.

కుక్కకు పేరు పెట్టలేదు. మామ దాన్ని ‘పోరి’ అని పిలిచేవాడు, ఇంట్లో ఆడపిల్లను పిలిచినట్టు. గోధుమరంగు ఒళ్లు, ఛాతీ మీద అరచెయ్యంత తెల్లమచ్చ. మలక్‌పేటలో మా పుట్టింట్లో కుక్కను గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. నేనూ మొదట్లో అట్లాగే ఉన్నాను. వంటింటి దగ్గరికి వస్తే చీపురు చూపించేదాన్ని. అది కోపగించుకోకుండా గడప అవతల కూర్చుని, నేను ఇటు తిరిగితే ఇటు, అటు తిరిగితే అటు చూసేది. ఒక వానాకాలం నాకు చలిజ్వరం వచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. ఆ నాలుగు రోజులూ అది నా మంచం కింద నుంచి కదల్లేదు. ఆ తర్వాత చీపురు చూపించడం మానేశాను.

పెళ్లయిన మొదటి దీపావళికి మేమిద్దరం మా పుట్టింటికి వెళ్లాం కాబట్టి ఆ ఇంటి సంగతి నాకు తెలియలేదు. రెండో ఏడు చూశాను. పండుగ ఇంకా వారం ఉందనగానే గల్లీలో ఎవరో ఒకరు టపాకాయ పేల్చడం మొదలుపెడతారు. మొదటి చప్పుడుకే పోరి ఒళ్లంతా వణికింది. నోటి నుంచి చొంగ కారింది. మంచం కింద దూరి గచ్చును గోళ్లతో గీకీ గీకీ కాళ్ల నుంచి రక్తం తెచ్చుకుంది. నరక చతుర్దశి పొద్దున హారతి పట్టించుకున్న వెంటనే మామ తన పాత ఖాకీ కోటు వేసుకుని, దాని మెడకు తాడు కట్టి, స్టేషన్‌కు బయల్దేరాడు. కర్నూలు వైపు వెళ్లే పాసెంజరులో మూడు గంటల దూరంలో ఒక చిన్న స్టేషన్. అక్కడ ఆయన పాత స్నేహితుడు, రిటైరైన గేట్‌మన్, పొలాల మధ్య ఇల్లు కట్టుకుని ఉన్నాడు. చుట్టుపక్కల ఒక్క టపాకాయ కూడా పేలదు. పండుగ రెండు రోజులూ అక్కడే ఉండి, మూడో నాడు ఇద్దరూ తిరిగి వచ్చేవారు. బండి చివర ఉండే గార్డు పెట్టెలో కుక్కల కోసం ఒక చిన్న అర ఉంటుంది. గార్డులంతా మామకు తెలిసినవాళ్లే. పోరి అందులోకి తనంత తాను దూకి ఎక్కేదట.

"పండుగ పూట ఇంటి పెద్ద ఇంట్ల ఉండకుంట కుక్కను పట్టుకొని ఊర్లు తిరుగుడేంది?" అని నా భర్త గొణిగేవాడు కానీ, తండ్రి ఎదుట ఆ మాట అనలేదు.

మూడో ఏడు బతుకమ్మ పండుగ దాటాక, వీధి నల్లా దగ్గర పాచిపట్టిన బండ మీద మామ కాలు జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. దవాఖానాలో మంచానికి అడ్డంగా కట్టెలు బిగించి, కాలికి తాడు కట్టి, తాడు చివర ఇసుక సంచులు వేలాడదీశారు. రెండు నెలలు అట్లా కదలకుండా పడుకుంటే ఎముక అతుక్కుంటుందన్నారు. రోజూ మధ్యాహ్నం నేను సద్ది తీసుకుని వెళ్లేదాన్ని. తన కాలి గురించి ఆయన ఎన్నడూ మాట్లాడలేదు. పోరి తిన్నదా, నీళ్లు తాగుతున్నదా అనే అడిగేవాడు.

దీపావళికి నాలుగు రోజుల ముందు నన్ను మంచం మీద దగ్గరగా కూర్చోబెట్టుకున్నాడు.

"బిడ్డా, పోరిని నువ్వే తీస్కపోవాలె. చతుర్దశి నాడు పొద్దుగాల బండికి పో. మా దోస్తు ఇంట్ల దింపి, సాయంత్రం బండికి మర్లి రా. నీ నోము మర్నాడు గదా, ఏం అడ్డం లేదు."

ఆ ఏడు నాకు నోము ఉంది. దీపావళికి కేదారేశ్వర నోము ఆ ఇంట్లో తరాలుగా ఉన్న ఆనవాయితీ. అత్త పోయాక ఆగిపోయింది. ఆగిన నోమును నా చేతుల మీదుగా మళ్లీ ఎత్తుకోవాలి. అరిసెలు, అరటిపండ్లు, వక్కలు, పసుపు కొమ్ములు, అన్నీ ఇరవై ఒక్కటి చొప్పున. అమ్మ మలక్‌పేట నుంచి వస్తానంది. నాకు ఆ పనంతా కళ్లముందు తిరుగుతోంది.

"దూది పెట్టి లోపల కట్టేస్తే ఉండదా మామా? ఒక్క దినమే గదా" అన్నాను.

అప్పటి దాకా ఎవరికీ చెప్పని సంగతి ఆయన నాకు చెప్పాడు. లైను మీద ముందు ఏదైనా ఆటంకం ఉంటే, వచ్చే బండిని ఆపడానికి పట్టా మీద పటాసు డబ్బీలు కడతారు. ఇంజను చక్రం వాటి మీదికి ఎక్కగానే పెద్ద చప్పుడుతో పేలతాయి. ఆ చప్పుడు విని డ్రైవరు బండి ఆపుతాడు.

"ఒకపారి గూడ్సు బండి పట్టా తప్పింది. నేనే ఉరికిపోయి పటాసు కట్టిన. ఇది అప్పుడు గింత పిల్ల. మా లివర్ల క్యాబిన్ కాడ పుట్టింది, నా ఎనకనే తిరిగేది. నా ఎంబడి వచ్చిందని నేను చూసుకోలె. ఇంజన్ వచ్చింది, పేలింది. ఇది పట్టా పక్కపొంటి రెండు గజాల దూరంల ఉంది. మూడు దినాలు నీళ్లు ముట్టలె, బిడ్డా. నా చేతులతోనే కట్టిన గది. అప్పటిసంది దీనికి చప్పుడంటే పానం పోయినట్టే."

నా చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకున్నాడు.

"తీస్కపోతవు గదా?"

"తీస్కపోత మామా. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

చతుర్దశి నాడు చీకటితోనే లేచి తలంటు పోసుకున్నాను. నా భర్తకు హారతి పట్టాను. ఆ స్నేహితుడి ఇంటికని సకినాలు ఒక డబ్బాలో పెట్టుకుని, పోరిని పట్టుకుని స్టేషన్‌కు నడిచాను. బండి వచ్చింది. చివరి పెట్టె దగ్గర నిలబడ్డ గార్డు కొత్తవాడు. నేను ఫలానా వాళ్ల కోడలినని చెప్పినా ఆయనకు తెలియలేదు.

"కుక్కకు బుకింగ్ చీటి ఉండాలమ్మా. పార్సిల్ కిటికీ కాడ రాయించుకొని రా. ఇంజన్‌కు నీళ్లు పట్టాలె, ఇంక పది నిమిషాలు ఉంటది బండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

పార్సిల్ కిటికీ నేను నిలబడ్డ చోటికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. లోపల మనిషి కూర్చుని ఉన్నాడు, ఎదుట ఎవరూ లేరు. నేను కదల్లేదు. నాలో ఏదో బరువు దిగినట్టయింది. ఇంటికి వెళ్తే అరిసెల పాకం పట్టుకోవచ్చు, ముంగిలి అలుక్కోవచ్చు, అమ్మ వచ్చేసరికి ఇల్లు కళకళలాడుతుంది. గార్డు ఎక్కించుకోలేదని చెబితే ఎవరూ నన్ను తప్పు పట్టరు. ఇవన్నీ ఆ పది నిమిషాల్లోనే నా మనసులో తిరిగాయి. బండి కూత వేసి కదిలింది. పోరి తాడును లాగుతూ ప్లాట్‌ఫారం చివరిదాకా నన్ను ఈడ్చుకుపోయింది. బండి కనిపించనంత దూరం పోయాక వెనక్కి తిరిగి నా ముఖం వైపు చూసింది.

"గార్డు ఎక్కనియ్యలె" అని నా భర్తతో చెప్పాను.

"పోనియ్యి. స్నానాల గదిల ఏసి తలుపు పెడదాం. ఒక్క రాత్రికి ఏమైతది?" అన్నాడు.

సాయంత్రం ఇంకో బండి ఉంది. ఆ సంగతి ఆయనకు గుర్తు రాలేదు. నాకు గుర్తుంది.

అయినా నేను దాన్ని గాలికి వదిలెయ్యలేదు. అది చెప్పుకోవాలి. పెరట్లోని స్నానాల గదికి పైన చిన్న కిటికీ ఉండేది. దానికి గోనె సంచులు మడిచి అడ్డం పెట్టాను. రేకు తలుపుకు లోపలివైపు పాత బొంత వేలాడదీశాను. కింద మామ ఖాకీ కోటు పరిచాను, ఆయన వాసన తగిలితే నెమ్మదిస్తుందని. దూదిని కొబ్బరినూనెలో తడిపి చెవుల్లో పెట్టాను. అది తల విదిలించి రెండూ పారేసింది. దీపావళి నాడు మధ్యాహ్నమే అన్నం పెట్టాను. ముట్టలేదు. గదిలో దాని పక్కన కూర్చుని వీపు నిమురుతుంటే గుండె నా అరచేతికి కొట్టుకునేది. "నోము పెట్టుకొని కుక్క కాడ కూసుంటివి, మడి ఏం గావాలె?" అని అమ్మ బయటి నుంచి కేక వేసింది. లేచి మళ్లీ స్నానం చేసి నోముకు కూర్చున్నాను.

నోము బాగా జరిగింది. పొద్దు గూకేసరికి కథ చెప్పుకుని, చేతులకు తోరాలు కట్టుకున్నాం. దర్వాజా నుంచి అరుగు దాకా దీపాలు పెట్టాను. లక్ష్మి వచ్చే వేళ తలుపు మూయకూడదని వీధి తలుపు బార్లా తీసి ఉంచాం. గల్లీలో చప్పుళ్లు మొదలయ్యాయి. మొదట విడివిడిగా, తర్వాత ఆగకుండా. పెరటి నుంచి రేకు తలుపు మీద గోళ్ల చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. అదే నన్ను భయపెట్టింది. ప్రసాదం చేతిలో పట్టుకుని వెళ్లి, ఎట్లా ఉందో చూద్దామని గడియ తీశాను.

సరిగ్గా అప్పుడే గోడ అవతల ఎవరో ఖాళీ డబ్బా కింద బాంబు పెట్టి పేల్చారు. ఇల్లు అదిరింది. పోరి మెడకున్న తాడుతోనే నా కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయింది. పెరట్లో నుంచి వంటింట్లోకి, వంటింట్లో నుంచి నడింట్లోకి. నోము పీట మీదుగా దూకింది. కలశం పక్కకు ఒరిగి కొబ్బరికాయ దొర్లింది, నీళ్లు బియ్యంలో కలిశాయి. అమ్మ "అయ్యో, కలశం" అంది. నేను వెనకాలే పరుగెత్తుకొచ్చాను. వీధి తలుపు నాకు నాలుగు అడుగుల్లో ఉంది. దాని తోక గడప దాటడం చూశాను. చూసి కూడా ముందు వంగి కలశం నిలబెట్టాను. కొబ్బరికాయ తీసి దాని మీద పెట్టాను. పసుపు బొట్టు సరిచేశాను. ఆ తర్వాతే వీధిలోకి పరుగెత్తాను.

గల్లీ నిండా పొగ. ఏ వైపు పోయిందో తెలియలేదు. మేమంతా అక్కా అన్నట్టు ‘ఆపా’ అని పిలిచే పక్కింటావిడ తన గుమ్మంలో నిలబడి ఉంది. ఇంట్లోనే కూర్చుని లక్క గాజులు చేసి లాడ్‌బజార్ దుకాణాలకు పంపే మనిషి ఆమె. కుక్కను ఇంట్లోకి రానిచ్చేది కాదు కానీ, రోజూ తన అరుగు చివర దానికి ఒక రొట్టె ముక్క పెట్టేది.

"పటరీ కీ తరఫ్ గయీ బేటీ. పట్టాల దిక్కు ఉరికింది. పిలిస్తే ఆగలె" అంది.

నా భర్త టార్చి తీసుకున్నాడు. నేను నోము చీరతోనే వెంట నడిచాను. పట్టాల వెంబడి పోతూ "పోరీ, పోరీ" అని పిలిచాను. ఊరంతా పేలుతుంటే నా పిలుపు నాకే వినపడలేదు. పాత క్యాబిన్ దాకా వెళ్లాం. లేదు. అక్కడి నుంచి మూసివేసిన మిల్లు గోడ దాకా వెళ్లాం. అక్కడా లేదు. తిరిగి వచ్చేటప్పుడు నా భర్త నా చెయ్యి పట్టుకుని పట్టాలు దాటించాడు.

తెల్లవారి కీమాన్‌ను ఆపి అడిగాను. సుత్తె భుజాన వేసుకుని రోజూ లైనంతా నడిచి పట్టాల కీలలు బిగించేవాడు ఆయన. "రాత్రిసంది ఏ జంతువు పడలె అమ్మా పట్టాల మీద" అన్నాడు. ఆ మాటే పట్టుకుని మూడు రోజులు తిరిగాను. ఆపా తన చుట్టాలుండే గల్లీలన్నిటికీ కబురు పంపింది. రేస్‌కోర్సు దగ్గర తాడుతో ఒక గోధుమరంగు కుక్క తిరుగుతోందని అమ్మ చెప్పి పంపితే, నా భర్త సైకిలు మీద నన్ను కూర్చోబెట్టుకుని మలక్‌పేట తీసుకెళ్లాడు. గుర్రాలకు గడ్డి తెచ్చే బండి కింద పడుకుని ఉంది. మగకుక్క. మమ్మల్ని చూసి మొరిగింది.

పండుగ పనులని చెప్పి రెండు రోజులు దవాఖానాకు నా భర్తనే పంపాను. పోరి సంగతి అడిగితే ‘ఆమెనే వచ్చి చెప్తది’ అని ఆయన తప్పించుకున్నాడు. మూడో రోజు నేనే వెళ్లక తప్పలేదు. మామ నన్ను చూడగానే తల కాస్త లేపాడు.

"దింపి వచ్చినవా?"

"వచ్చిన మామా."

"గార్డు ఏమన్నాడు?"

"ఏమనలె. ఎక్కించుకున్నడు."

"దూకి ఎక్కిందా, ఎత్తినవా?"

"దూకింది."

ఆయన నవ్వాడు. కాలు విరిగిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. స్నేహితుడి భార్య ఏం పెట్టిందని అడిగాడు. మజ్జిగన్నం పెట్టిందని, గిన్నె ఖాళీ చేసిందని చెప్పాను.

"మజ్జిగన్నమా? అది మజ్జిగ ముట్టదు గదా" అన్నాడు. అని, నేను నోరు తెరిచేలోపే ఆయనే సర్దుకున్నాడు. "ఊరు మారింది గదా, ఆకలైతది. పాపం, తిన్నట్టున్నది. నేనొచ్చే దాక ఆడనే ఉండనియ్యి. ఇంట్ల నీకు పని ఎక్కువైతది."

ఆయనే నాకు దారి చూపించినట్టయింది. ఇల్లు చేరాక చెబుదాం, ఇప్పుడు చెబితే కాలు కదిలిస్తాడు, ఎముక తప్పుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. నా భర్త కూడా అదే అన్నాడు. రోజూ ఆయన అడిగేవాడు, రోజూ నేను ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. పొలాల్లో ఉడతల వెంట పడుతోందట అన్నాను ఒకరోజు. ఆయన ఆ మాట పక్క మంచం ముసలాయనకు చెప్పుకున్నాడు.

రెండు వారాలు గడిచాక, ఒక మధ్యాహ్నం నేను మామకు అన్నం కలుపుతున్నాను. పంచె, తలకు రుమాలు, చేతిలో సీతాఫలాల గంపతో ఒకాయన వార్డులోకి వచ్చాడు. మామ ముఖం వెలిగింది. ఆయనే ఆ స్నేహితుడు. నేను అప్పటిదాకా ఆయన్ని చూడలేదు.

మామ కుశలం కూడా అడగలేదు. "మా పోరి ఎట్లున్నదిరా?" అన్నాడు.

ఆయన నోరు తెరిచి, ఆగి, నా వైపు చూశాడు. నా చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఉండిపోయింది. నా ముఖంలో ఏం చూశాడో.

"ఉన్నది. మంచిగనే ఉన్నది" అన్నాడు నెమ్మదిగా.

వెళ్లేటప్పుడు నేను వరండా దాకా వెంట వెళ్లాను. ఆయన గంప కింద పెట్టి నిలబడ్డాడు.

"ఏంది బిడ్డా గిది?"

అంతా చెప్పాను. పార్సిల్ కిటికీ సంగతి తప్ప.

"నలభై ఏండ్ల దోస్తీ మాది. ఒక్కనాడు అబద్ధం ఆడలె ఆయనతోని. ఇయ్యాల నీ మొకం జూసి ఆడిన. ఇంక నాతోని కాదు. నువ్వే చెప్పు. జల్ది చెప్పు" అన్నాడు. ఖాళీ గంప ఎత్తుకుని, రుమాలు సర్దుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

జల్దీ చెప్పలేదు. ఇంకో మూడు వారాలు గడిపాను. రేపు ఇంటికి పంపిస్తామని డాక్టరు అన్న రోజు, మామ గడ్డం గీయించుకుని కూర్చున్నాడు. చంకకర్రలు మంచానికి ఆనించి ఉన్నాయి.

"రేపు రిక్షాను ఇంటికి కాదు, సీదా స్టేషన్‌కు పోనియ్యుమను. ఇద్దరం పోయి పోరిని తెచ్చుకుందాం. తాడు మర్చిపోకు" అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఈసారి పార్సిల్ కిటికీ కూడా చెప్పాను. కలశం కూడా. ఆయన మధ్యలో ఆపలేదు. నేను ఏడుస్తున్నా చూడలేదు. కొత్తగా గీయించుకున్న గడ్డం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏ దినం?"

"దీపావళి నాడే. పొద్దుగూకినంక."

"నెల దాటింది" అన్నాడు. "నెల దినాలు నేను ఈడ పండుకొని నవ్వుకుంట ఉన్న" అన్నాడు.

నేను ఆయన కాళ్లు పట్టుకోబోయాను. విరిగిన కాలని గుర్తొచ్చి మంచం కోడు పట్టుకున్నాను.

"తప్పిపోయుడు వేరు. పోతే పోయింది, అది నీ చేతుల లేదు. గని ఆ దినమే నాకు చెప్పాలె. ఈ లైన్ మీద నా వాండ్లు ఎంతమంది ఉన్నరు. గ్యాంగోళ్లు, కీమాన్లు, గేటోళ్లు. ఒక్క మాట పంపిస్తే కర్నూలు దాక చూస్తుండె. నేను పండుకున్న కాడ నుంచే పంపిస్తుంటి."

ఆ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. కాలు విరిగి మంచాన పడ్డ ముసలాయన ఏం చేస్తాడు, బాధపడడం తప్ప అనుకున్నాను.

ఇంటికి వచ్చిన రోజే ఆయన కబురు పంపాడు. స్టేషన్ నుంచి స్టేషన్‌కు, గేటు నుంచి గేటుకు ఆ మాట పోయింది. పది రోజులకు జవాబు వచ్చింది. మా ఇంటికి దక్షిణాన, బండిలో గంటన్నర దూరంలో ఉన్న ఒక లెవెల్ క్రాసింగ్ దగ్గర, గేట్‌మన్ ఒకాయన దాన్ని చూశాడట. పండుగ అయిన నాలుగో నాడో ఐదో నాడో. ఛాతీ మీద తెల్లమచ్చ, మెడకు తెగిన తాడు ముక్క.

మామ చంకకర్రల మీద నడవడం నేర్చుకోగానే అక్కడికి వెళ్తానన్నాడు. నేను వస్తానన్నాను. వద్దనలేదు, రమ్మనలేదు. బండిలో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా పట్టా పక్క కాలిబాటనే చూస్తూ ఉన్నాడు.

ఆ గేట్‌మన్ మనిషి మంచివాడు. మాకు కూర్చోవడానికి గోనె పరిచాడు.

"పొద్దుగాల వచ్చింది బాపు. పట్టా పక్కపొంటి నడుచుకుంట వచ్చింది. ముందటి కాలు కుంటుతున్నది. నీళ్లు పెట్టిన, రొట్టె ఏసిన. తిన్నది. కట్టేద్దామనుకున్న. ఎవరిదో ఏందో, ఎవరన్న ఎతుకుతున్నరని మాట వస్తే కట్టేస్తుంటి. ఏ మాటా రాలె. జరసేపు ఆ నీడల పండుకొని, లేసి మల్ల పోయింది."

"ఏ దిక్కు?" అన్నాడు మామ.

గేట్‌మన్ చెయ్యి చాపి దక్షిణం వైపు చూపించాడు. ఆ స్నేహితుడి ఊరు అటే ఉంది. ప్రతి దీపావళికీ అది బండెక్కి పోయే ఊరు. అక్కడికి ఇంకా గంటన్నర ప్రయాణం. అది ఆ దూరమంతా నడిచిపోదామనుకుంది. ఆ తర్వాతి గేటు దగ్గర ఎవరూ చూడలేదు. ఆ స్నేహితుడి ఊరికి అది చేరలేదు. మధ్యలో ఒక వాగు, దాని మీద పొడుగాటి వంతెన ఉన్నాయి. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు.

"ఏ కాలు కుంటింది?" అని మామ మళ్లీ అడిగాడు.

"ఎడమది బాపు."

మామ తల ఊపాడు. చంకకర్రలు పట్టుకుని లేచి, అది పడుకుందన్న వేపచెట్టు నీడ దాకా వెళ్లి నిలబడ్డాడు. నేను దూరంగానే ఉన్నాను.

ఆ తర్వాత ఆయన నన్ను ఒక్కమాటా అనలేదు. నేను పెట్టింది తినేవాడు. మరుసటి ఏడు నాకు పాప పుడితే ఒళ్లో పెట్టుకుని ఆడించాడు. ఇంటికొచ్చినవాళ్లు కుక్క ఏదని అడిగితే "తప్పిపోయింది" అనేవాడు, అంతే. కానీ నన్ను ‘బిడ్డా’ అనడం మానేశాడు. ఏమీ పిలిచేవాడు కాదు. ఏదైనా కావాలంటే గొంతు సవరించుకునేవాడు, నేను వెళ్లేదాన్ని. ఆయన కావాలని అట్లా చేశాడని నేను అనుకోను. ఆ పిలుపు ఆయన నోటికి రాలేదు.

దీపావళి వస్తే మాత్రం చతుర్దశి నాడు హారతి పట్టించుకుని, కోటు వేసుకుని, ఒక్కడే ఆ బండికి వెళ్లేవాడు. "నేను రానా మామా?" అని ఒక ఏడు అడిగాను. "వద్దు. నోము చూస్కో" అన్నాడు. ఆయన పోయిందాకా, నాలుగేళ్లు, అట్లాగే వెళ్లాడు. అక్కడ ఏం చేసేవాడో నాకు తెలియదు. ఆయన పోయిన రోజు ఆ స్నేహితుడు వచ్చి, శవం పక్కన కూర్చుని, నాతో ఏమీ మాట్లాడకుండా సాయంత్రం బండికి వెళ్లిపోయాడు.

నోము నేను ఆపలేదు. మొన్నమొన్నటి దాకా చేశాను. ఇప్పుడు కోడలు చేస్తోంది. పక్కవాళ్ల కుక్కను దీపావళి సాయంత్రం మా ఇంటి లోపలి గదిలో ఉంచుకుంటాను, వాళ్లు ఊళ్లో ఉంటే వాళ్లను కూడా వచ్చి కూర్చోమంటాను. చప్పుళ్లన్నీ ఆగిపోయేదాకా ఆ గది తలుపు తీయను. లక్ష్మి వచ్చే వేళ తలుపు మూస్తావేంటని కోడలు మొదట్లో అడిగింది. ఇంకో గది తలుపు తీసిపెట్టుకోమన్నాను.